"కప్పానికి ఒక్క సెంటూ ఇవ్వం": ఎవరి మాట? అది కప్పమా, లంచమా?

ప్రశ్న: "రక్షణకు లక్షలైనా పోస్తాం, కప్పానికి మాత్రం ఒక్క సెంటూ ఇవ్వం." అమెరికా తొలినాళ్ళ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇది ఫ్రాన్స్‌కు వెళ్ళిన రాయబారి చార్ల్స్ పింక్నీ అన్న మాటని అందులో ఉంది. ఫ్రెంచివాళ్ళు అడిగింది లంచం కదా, మరి 'కప్పం' ఉంచనా, మార్చనా?

జవాబు: ముందు పింక్నీ పేరు తీసేయండి. 1797 అక్టోబరులో పారిస్‌లో విదేశాంగ మంత్రి టాలీరాండ్ మనుషులు వచ్చి, అసలు చర్చలు మొదలవ్వాలంటే మంత్రిగారికి 50,000 పౌన్లు, ఫ్రాన్స్ ప్రభుత్వానికి భారీ అప్పు ఇవ్వాలన్నారు. తిప్పి తిప్పి అదే అడుగుతుంటే పింక్నీకి ఒళ్ళు మండి "లేదు, లేదు, ఆరు పెన్నీలు కూడా ఇవ్వం" అన్నాడు. అంతే. మీరు రాసిన వాక్యం 1798 జూన్ 18న ఫిలడెల్ఫియాలో, తోటి రాయబారి జాన్ మార్షల్‌కు ఇచ్చిన విందులో పుట్టింది. కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ గుడ్‌లో హార్పర్ గ్లాసెత్తి అన్న మాట అది.

'కప్పం' కదపొద్దు. లంచమంటే ఒక మంత్రి కక్కుర్తితో పోతుంది. కప్పమంటే సామంతుడు ఏలికకు కట్టేది, దేశం పరువు సంగతి. హార్పర్ ఫెడరలిస్టు, అంటే ప్రెసిడెంట్ ఆడమ్స్ పక్షం. ఆయన రేపాలనుకున్నది ఆ రోషాన్నే. అవతల జెఫర్సన్ పక్షం ఫ్రాన్స్ వైపు మొగ్గేది. ప్రెసిడెంట్ ఆడమ్స్ ఏదో దాస్తున్నాడని వాళ్ళే పట్టుబట్టి రాయబారులు పంపిన కాగితాలు అడిగారు. ఆయన ఏప్రిల్‌లో దళారుల పేర్లు తీసి ఎక్స్, వై, జెడ్ అని పెట్టి ఇచ్చేశాడు. లంచం సంగతి బయటపడి జనం ఫ్రాన్స్ మీద మండిపడ్డారు. కొరివితో తల గోక్కున్నట్టయింది జెఫర్సన్ పక్షం పని! ఆ ఊపులోనే, ప్రభుత్వాన్ని తిట్టి రాస్తే జైలనే సెడిషన్ చట్టం కూడా వచ్చింది.

మరొకరు: బాగుంది గానీ, అప్పట్లో ఉత్తరాఫ్రికాలోని అల్జీర్స్‌కు అమెరికావాళ్ళు కట్టిందేమిటండీ మరి?

జవాబు: అచ్చమైన కప్పమే. 1795 ఒప్పందం ప్రకారం అక్కడ ఖైదీలైన అమెరికా నావికుల విడుదలకూ శాంతికీ కలిపి ఆరు లక్షల డాలర్లకు పైగా, ఆపైన ఏటా ఓడ సామాన్లు. 'క్రెసెంట్' అనే యుద్ధనౌకను కొత్తగా కట్టి మరీ అక్కడికి పంపారు. అది బయల్దేరింది 1798 జనవరిలో, హార్పర్ గ్లాసెత్తడానికి అయిదు నెలల ముందు.

అడిగినవారు: భలే. అయితే 'కప్పం' ఉంచి, అల్జీర్స్ సంగతి ఫుట్‌నోట్‌లో పెడతాను. 'సెంటు'ను 'పైసా' చేస్తే?

జవాబు: వద్దండీ. పింక్నీ ఆరు పెన్నీలు ఇంగ్లండు లెక్క. సెంటు 1792 టంకశాల చట్టంతో వచ్చిన అమెరికా సొంత నాణెం.