ట్రయాంగ్యులేషన్ల కలరింగ్ మీద ప్రాజెక్టు: కెంపె నిరూపణ సరిగ్గా ఎక్కడ ఆగిపోతుంది?

ప్రశ్న:
నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ప్లేనార్ ట్రయాంగ్యులేషన్ల (శీర్షాలను కలిపే అంచులు ఒకదాన్నొకటి దాటకుండా గీసి, ప్రతి ముఖమూ త్రిభుజమైన గ్రాఫుల) కలరింగ్ తీసుకున్నాను. నాలుగు రంగుల సిద్ధాంతం (అంచుతో కలిసిన శీర్షాలకు ఒకే రంగు రాకుండా ఏ ప్లేనార్ గ్రాఫ్‌కైనా నాలుగు రంగులు చాలు) గురించి ఏది తెరిచినా "గ్రాఫ్ ట్రయాంగ్యులేషన్ అనుకుందాం" అని మొదలుపెడతారు, మరి మిగతా గ్రాఫుల సంగతేంటి? అసలు సమస్య ఇంకోటుంది. ఆ సిద్ధాంతానికి 1879లో కెంపె ఇచ్చిన నిరూపణ చదువుతుంటే ప్రతి అడుగూ నిజమే అనిపిస్తోంది, డిగ్రీ 5 శీర్షం (ఐదు అంచులు కలిసే శీర్షం) దగ్గర తప్పుందని అందరూ అంటారు గానీ అది నాకు పట్టుబడటం లేదు. కంప్యూటర్ నిరూపణ జోలికి వెళ్లను, చేత్తో చేయగలిగే పని కావాలి.

జవాబు 1:
మొదటిది తేలికే. ఏ ప్లేనార్ గ్రాఫ్‌కైనా అంచులు ఒకదాన్నొకటి దాటకుండా ఇంకా ఇంకా కలుపుతూ పోతే చివరికి ప్రతి ముఖమూ త్రిభుజమవుతుంది. అంచు చేరితే షరతు పెరుగుతుందే గానీ తగ్గదు, కాబట్టి ఇక్కడ కుదిరిన రంగులు పాత గ్రాఫ్‌కీ కుదురుతాయి. పైగా అంచుల సంఖ్య ఖాయం: శీర్షాలకు మూడు రెట్లు చేసి 6 తీసేయడమే. డిగ్రీల సగటు 6 కన్నా తక్కువ, అంటే డిగ్రీ 5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్న శీర్షం ఒకటైనా ఉండి తీరాలి.

జవాబు 2:
కెంపె సంగతి నేను చెప్తాను, బొమ్మ గీసుకుంటూ చదవండి. డిగ్రీ 5 శీర్షాన్ని పక్కన పెట్టి మిగతావాటికి రంగులు వేశాక, దాని చుట్టూ వరుసగా ఎరుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఉన్నాయనుకోండి. నీలం నుంచి ఆకుపచ్చకి ఒక గొలుసు (ఆ రెండు రంగులే మారిమారి వచ్చే దారి), నీలం నుంచి పసుపుకి ఇంకో గొలుసు ఉంటేనే ఇబ్బంది. అప్పుడు కెంపె నీలం, ఆకుపచ్చల మధ్యనున్న ఎరుపు నుంచి ఎరుపు-పసుపు దారుల్లో చేరగలిగే శీర్షాలన్నిటిలో ఆ రెండు రంగుల్ని తారుమారు చేసి, రెండో ఎరుపు దగ్గర ఎరుపు-ఆకుపచ్చలతో అదే చేసి, మధ్య శీర్షానికి ఎరుపు మిగిలిందన్నాడు. విడివిడిగా రెండూ సరైనవే. కానీ ఆ రెండు నీలం గొలుసులు దారిలో ఏదో నీలం శీర్షం దగ్గర ఒకదాన్నొకటి దాటొచ్చు, అప్పుడు మొదటి మార్పు రెండో గొలుసులోని పసుపుల్ని ఎరుపు చేసేయొచ్చు, రెండో ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉన్న అడ్డుగోడ తెగిపోవచ్చు, ఇక రెండో మార్పుకి భరోసా లేదు. 1890లో హీవుడ్ దీన్నే పట్టుకున్నాడు. ఆయన ఉదాహరణ 25 శీర్షాలది, అంత పెద్దదానితో మొదలుపెట్టకండి. ఇదే తప్పు చూపించే ఫ్రిట్ష్ గ్రాఫ్‌కి 9 శీర్షాలు, 21 అంచులే, అదీ ట్రయాంగ్యులేషనే. తర్వాత 17 శీర్షాల ఎర్రేరా గ్రాఫ్ చూడండి.

జవాబు 3:
పై జవాబుకే ఇంకొంచెం. ప్రాజెక్టుకి నా సలహా, ఒక కలరింగ్ నుంచి ఇంకో కలరింగ్‌కి కెంపె మార్పులతోనే (పైన చెప్పిన రెండు రంగుల తారుమారులతోనే) వెళ్లగలమా అన్న ప్రశ్న తీసుకోండి, ఇందులో చేత్తో చేసే పని బోలెడుంది. 5 రంగులైతే ఏ ప్లేనార్ గ్రాఫ్‌లోనైనా వెళ్లగలమని 1978లో మేనియెల్ నిరూపించాడు. 4 రంగులతో మాత్రం కొన్ని ట్రయాంగ్యులేషన్లకు ఇది చెల్లదు. కానీ డిగ్రీలన్నీ సరి సంఖ్యలైతే, అంటే 3 రంగులే చాలినప్పుడు, 4 రంగులతో కూడా వెళ్లగలమని 1977లో ఫిస్క్ చూపించాడు, నాకు చాలా ఇష్టమైన ఫలితం.

అష్టముఖితో మొదలుపెట్టండి. రంగుల పేర్లు పక్కన పెడితే దానికి 4 కలరింగులే, ఎదురెదురు శీర్షాల జంటల్లో ఒకదానికి వేర్వేరు రంగులిస్తే మూడు, ప్రతి జంటకీ ఒకే రంగిస్తే ఒకటి. తర్వాత 7 శీర్షాల ట్రయాంగ్యులేషన్లు 5, 8కి 14, 9కి 50. పదికి చేరేసరికి 233 అవుతాయి, అక్కడ ప్లాన్‌ట్రి అనే ప్రోగ్రామ్‌తో జాబితా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. గొలుసులు దాటుకోవచ్చన్న సంగతే నాకు తట్టలేదు. 8 శీర్షాల 14 గ్రాఫుల్లో డిగ్రీలన్నీ సరి సంఖ్యలైనవి ముందు విడదీసి, మిగతావాటిలో కెంపె మార్పులతో ఒకదాన్నుంచి ఇంకోటి చేరగలిగే కలరింగులు ఎన్ని గుంపులవుతాయో చూస్తాను.