బస్టర్ కీటన్‌ను పడగొట్టింది మాటా, సంతకమా?

తెరవెనుక:

మూకీ తారల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ, టాకీలు రాగానే వాళ్ల పని అయిపోయిందన్న మాట వినిపిస్తుంది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. బస్టర్ కీటన్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆయనను దెబ్బతీసింది మైక్రోఫోను కాదు, 1928లో ఎం.జి.ఎం. స్టూడియోకు చేసిన సంతకం. రెండూ ఇంచుమించు ఒకే సమయంలో జరిగాయి కాబట్టి ఒకదాని పాపం మరొకదాని నెత్తికి చుట్టుకుంది.

ఆయన గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. 1895లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే దంపతులకు పుట్టాడు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తల్లిదండ్రులతో పాటు వాడెవిల్ (పాటలు, హాస్యం, విన్యాసాలు కలిపిన రంగస్థల వినోదం) స్టేజీ ఎక్కాడు. కొడుకు బట్టల వెనక సూట్‌కేసు పిడి ఒకటి కుట్టించి, దాన్ని పట్టుకొని తండ్రి అతన్ని స్టేజీ మీద అటూ ఇటూ విసిరేయడమే ఆ ప్రదర్శన. కింద పడ్డాక తాను నవ్వితే జనం నవ్వరని, మొహం బిగించుకుంటే విరగబడి నవ్వుతారని ఆ పిల్లవాడు అప్పుడే కనిపెట్టాడు. 1917లో న్యూయార్క్‌లో హాస్యనటుడు రోస్కో ఆర్బకుల్ చిత్రంలో చిన్న వేషంతో సినిమాల్లోకి వచ్చి, 1920 నుంచి సొంత యూనిట్‌తో రెండు రీళ్ల పొట్టి హాస్య చిత్రాలు, 1923 నుంచి పూర్తి నిడివి చిత్రాలు తీశాడు. ‘షెర్లాక్ జూనియర్’, ‘ద నావిగేటర్’, ‘ద జనరల్’ అప్పటివే.

ఆ యూనిట్ పనిచేసిన తీరు నా వాదనకు మూలం. కథకు మొదలూ చివరా దొరికితే చాలు, మధ్యభాగం దానంతటదే కుదురుతుందన్నది వాళ్ల నమ్మకం. ఎక్కడైనా ఊహ అందక పని ఆగిపోతే కెమెరా పక్కన పెట్టి అందరూ బేస్‌బాల్ ఆడేవారు. ఆట మధ్యలో ఎవరికో ఏదో తట్టగానే మళ్లీ షూటింగు మొదలయ్యేది. వారానికి 3,000 డాలర్ల జీతంతో ఎం.జి.ఎం.లో చేరాక ఈ పద్ధతికి తావు లేకపోయింది. ప్రతి సన్నివేశం ముందే కాగితం మీదికి ఎక్కాలి, ఆ కాగితాన్ని పదిమంది చూడాలి, పదిమందీ తలో సలహా ఇవ్వాలి. చేరవద్దని తోటి హాస్యనటులు చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ హెచ్చరించారు. తన జీవితంలో చేసిన అతిపెద్ద తప్పు అదేనని 1960లో వచ్చిన ఆత్మకథలో కీటనే రాసుకున్నాడు.

లెక్కలపుస్తకం:

తెరవెనుక గారు చెప్పిన కథ చాలా అందంగా ఉంది. అంత అందంగా ఉండటమే నాకు అనుమానం కలిగిస్తోంది. మంచి కళాకారుడు, చెడ్డ స్టూడియో అనే చట్రంలో బిగించేస్తే ఇక డబ్బు సంగతి ఎవరూ అడగరు.

నేను అడుగుతాను. ‘ద జనరల్’ చిత్రానికి సుమారు 7,50,000 డాలర్లు ఖర్చయింది. 1926లో ఆరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ అనే ఊరి దగ్గర నిజమైన వంతెనను కాల్చి, నిజమైన రైలింజనును నదిలోకి కూల్చారు. ఆ ఒక్క షాటు మూకీల కాలంలోకెల్లా ఖరీదైనదని చెబుతారు. ఇంజను అలాగే ఏటిలో పడి ఉండి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాని తుక్కు ఇనుముగా బయటికి రాలేదు. ఈనాడు మనం ఆ షాటు చూసి చేతులు జోడిస్తున్నాం, నిజమే. ఆ రోజుల్లో మాత్రం అమెరికాలో ఆ చిత్రానికి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు, విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. అప్పటిదాకా కీటన్ చిత్రాలు నిర్మించిన జోసెఫ్ షెంక్ చేతులెత్తేయడానికి కారణం ఇదే గాని దుర్మార్గం కాదు.

ఇక ఎం.జి.ఎం. టాకీల సంగతి చూడండి. మనం ఇప్పుడు ముఖం చిట్లించుకునే ఆ సినిమాలు లాభాలు తెచ్చాయి. 1931లో వచ్చిన ‘సైడ్‌వాక్స్ ఆఫ్ న్యూయార్క్’ అంటే కీటన్‌కు అసహ్యం, ప్రేక్షకులకు మాత్రం కాదు. అంటే స్టూడియో ఆయన వృత్తిని నాశనం చేయలేదు, ఆయన సినిమాల నాణ్యతను నాశనం చేసింది. ఈ రెండూ ఒకటి కావు.

మరొక విషయం కూడా దాటవేయకూడదు. 1930 తర్వాత ఆయన విపరీతంగా తాగేవాడు, షూటింగుకు రాని రోజులు ఉండేవి, వచ్చినా పని జరగని రోజులు ఉండేవి. 1932లో భార్య నటాలీ టాల్మాడ్జ్ విడాకులు తీసుకుంది, ఇద్దరు కొడుకుల ఇంటిపేరు కూడా మారిపోయింది. 1933 ఆరంభంలో ఎం.జి.ఎం. పనిలోంచి తీసేసింది. లాభాలు తెచ్చే నటుణ్ని ఏ వ్యాపారీ ఊరికే వదులుకోడు. రేపు సెట్టు మీదికి వస్తాడో రాడో తెలియని నటుణ్ని వదులుకుంటాడు.

మూడోవరుస:

మీ ఇద్దరి మధ్యలోకి ఒక సన్నివేశం తీసుకొస్తాను, అనుమతించండి.

1928లో ఎం.జి.ఎం.లో ఆయన చేసిన మొదటి చిత్రం ‘ద కెమెరామన్’. అందులో కీటన్ న్యూస్‌రీలు (థియేటర్లలో వేసే వార్తా చిత్రం) తీయడానికి న్యూయార్క్‌లోని బేస్‌బాల్ మైదానం యాంకీ స్టేడియంకు వెళ్తాడు. జట్టు ఆ రోజు వేరే ఊళ్లో ఆడుతోంది, మైదానం ఖాళీ. కెమెరా కింద పెట్టి, బంతి విసిరే చోట నిలబడి, లేని క్యాచర్ (బ్యాటు పట్టినవాడి వెనక బంతి అందుకునేవాడు) చేసే సైగలకు తల ఊపుతాడు, వద్దంటాడు, సరేనంటాడు. పక్క బేసు (పరుగు తీసేవాడు ఆగే చోటు) వైపు ఓరగా చూస్తాడు. అక్కడ లేని ఆటగాడు ఎన్ని అడుగులు ముందుకు జరిగాడో ఆ ఒక్క చూపులో మనకు తెలిసిపోతుంది. తర్వాత తానే బ్యాటు పట్టి, తానే బంతిని కొట్టి, మైదానమంతా పరుగెత్తి, పరుగు ముగిసే ఇంటి బేసు దగ్గర దుమ్ములో జారుకుంటూ వెళ్లి పడతాడు. బంతి లేదు, బ్యాటు లేదు, జనం లేరు, అయినా ఆట మొత్తం కనబడుతుంది.

ఈ సన్నివేశానికి మాటలు అతికించి చూడండి. ‘ఇదిగో విసురుతున్నాను’ అని ఆయన ఒక్కసారి అన్నా చాలు, బంతి మాయమైపోతుంది. అందువల్ల మాట ఏ హానీ చేయలేదన్న తెరవెనుక గారి వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆయన గొంతు బాగానే ఉండేది, కాస్త బొంగురుగా, ఆ మొహానికి తగినట్టే ఉండేది. గొంతు బాగుండటం వేరు, మాట అవసరం కావడం వేరు.

అలాగని అంతా స్టూడియో పాపమే అనడానికీ ఇదే సినిమా అడ్డుపడుతుంది. ‘ద కెమెరామన్’ తీసింది ఎం.జి.ఎం.లోనే కదా!

తెరవెనుక:

మూడోవరుస గారు వేసిన ప్రశ్నే అసలైనది. ‘ద కెమెరామన్’ బాగా రావడానికి కారణం, స్టూడియో రాసిచ్చిన బరువైన స్క్రిప్టులో చాలా భాగాన్ని పక్కన పెట్టేలా ఎం.జి.ఎం. నిర్మాణ అధిపతి అర్వింగ్ థాల్‌బర్గ్‌ను కీటన్ ఒప్పించుకోగలగడం. పాత యూనిట్ మనుషులు కొందరు అప్పటికి వెంటే ఉన్నారు. తర్వాత వాళ్లు ఒక్కొక్కరే చెదిరిపోయారు.

మాట విషయానికి వస్తాను. 1929 నాటి ‘స్పైట్ మ్యారేజ్’ను టాకీగా తీద్దామని కోరింది కీటన్. వద్దన్నది స్టూడియో. మాటంటే భయపడినవాడు అలా అడుగుతాడా? ఆయన ఆలోచన ఏమిటంటే, మాట అవసరమైన చోట మాట్లాడతాం, అవసరం లేని చోట నోరు మూసుకొని పని చేస్తాం. యాంకీ స్టేడియం సన్నివేశాన్ని టాకీలోనూ అలాగే, బూట్ల చప్పుడు తప్ప మరేమీ లేకుండా తీయవచ్చు. సినిమా మాట్లాడటం నేర్చుకున్నంత మాత్రాన అందులోని మనుషులందరూ నిమిషం ఆగకుండా మాట్లాడాలన్న నియమం ఎవరు పెట్టారు? మరోవైపు, అదే స్టూడియో ఆయన చేత ‘ఫ్రీ అండ్ ఈజీ’ని స్పానిష్‌లో, మరో చిత్రాన్ని ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా నటింపజేసింది. ఆ భాషల సంభాషణలను చెవితో పట్టుకొని పలికాడు. గొంతు పనికిరాదనుకుంటే మూడు పరాయి భాషల్లో పలికించరు.

‘ఫ్రీ అండ్ ఈజీ’ (1930) చివరి భాగం చూసినవారికి నా బాధ అర్థమవుతుంది. ఆ మొహానికి విదూషకుడి రంగు పూసి, తీగలతో కట్టి, కీలుబొమ్మలాగా పైకీ కిందికీ లాగారు. కనురెప్ప కదిపి థియేటరును నవ్వించగలిగిన మొహం ఆ రంగు వెనక మాయమైంది. ‘ద జనరల్’లో సైన్యం మొత్తాన్ని ఒంటరిగా తప్పించుకొచ్చిన మనిషి ఇక్కడ తలుపు తెరవడం కూడా చేతకాని ఎల్మర్ అనే పాత్ర అయిపోయాడు. అదే పేరుతో, అదే తెలివితక్కువతనంతో మరిన్ని సినిమాలు చేయించారు, ఆపైన హాస్యనటుడు జిమ్మీ డ్యురాంటీ వాగ్ధాటి పక్కన నిలబెట్టారు.

పాతదారి:

లెక్కలపుస్తకం గారికి ఒక్క మాట. పాత రోజుల్లో మాత్రం కీటన్‌కు పూర్తి స్వేచ్ఛ ఉండేదని అందరూ అనుకుంటున్నారు. కంపెనీ మీద ఆయన పేరుండేది గాని అందులో ఆయనకు వాటాలు లేవు. నిర్మాత షెంక్ ఆయనకు తోడల్లుడు, ఆ షెంక్ సోదరుడు నికొలస్ ఎం.జి.ఎం. మాతృసంస్థకు అధిపతి. అంటే అన్న తన సరుకును తమ్ముడి కొట్టుకు మార్చాడు. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) చివర్లో వరద రావాలి. 1927లో మిసిసిపీ వరదల్లో ఎందరో చనిపోయారు కాబట్టి దాన్ని తుపానుగా మార్పించారు. ఇంటి ముందుగోడ మొత్తం మీద పడగా, కిటికీ ఖాళీలో కీటన్ బొమ్మలా నిలబడిపోయే ఆ షాటు అలా పుట్టింది. పైవాళ్ల జోక్యం వల్ల మేలు జరిగిన సందర్భం కూడా ఉందని మాత్రమే నేను చెప్పదలచుకున్నాను. చాప్లిన్‌కు సొంత స్టూడియో, సొంత డబ్బు ఉన్నాయి కాబట్టి 1936లో కూడా తన మూకీ ధోరణి తాను సాగించగలిగాడు. కీటన్‌కు డబ్బు లెక్క ఎప్పుడూ పట్టలేదు.

లెక్కలపుస్తకం:

పాతదారి గారి మాట నా వాదననే బలపరుస్తోంది. వాటాలు లేనివాడు సంతకం చేయక ఏం చేస్తాడు?

తాగుడు గురించి మాత్రం ఒక మెట్టు దిగుతాను. అది కారణమా, ఫలితమా అన్నది తేల్చడం కష్టమే. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ షూటింగులో నీళ్ల ట్యాంకు ధార మీద పడి మెడ ఎముక విరిగినా, తలనొప్పులనుకొని పని చేసుకుంటూ పోయిన మనిషి ఆయన. ఎముక విరిగిన సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గాని బయటపడలేదు. అంతటివాడు 1931 నాటికి పొద్దున్నే లేచి పనికి రాలేకపోయాడంటే, పని మీద ఇష్టం చచ్చిపోయి ఉండవచ్చు. అయితే 1934 తర్వాత చిన్న కంపెనీలకు తక్కువ ఖర్చుతో తీసిన రెండు రీళ్ల చిత్రాల్లో పెత్తనం చేసే పెద్ద స్టూడియో లేదు కదా, అక్కడ ఎందుకు పాత స్థాయి అందుకోలేకపోయాడు?

తెరవెనుక:

అక్కడ పెత్తనం లేకపోయినా సమయమూ లేదు, డబ్బూ లేదు. కొద్ది రోజుల్లో చుట్టేయవలసిన చిత్రంలో బేస్‌బాల్ ఆడి ఊహ కోసం ఎదురుచూసే వీలు ఉండదు. ఖాళీ చేతులతో స్వేచ్ఛ ఇస్తే దానితో ఏం చేయగలం?

ఇంకొక సంగతి చెప్పి నా వంతు ముగిస్తాను. 1930ల చివర్లో ఎం.జి.ఎం. ఆయనను మళ్లీ తీసుకుంది, అయితే ఈసారి ఇతర నటులకు హాస్య సన్నివేశాలు అల్లిపెట్టే పనికి, వారానికి 100 డాలర్లకు. హాస్యనటుడు రెడ్ స్కెల్టన్‌తో పని చేస్తున్న రోజుల్లో ఆయన స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ దగ్గరికి వెళ్లి ఒక ప్రతిపాదన పెట్టాడని జీవిత చరిత్రలో ఉంది. స్కెల్టన్‌ను, కొద్దిమంది మనుషులను నాకు అప్పగించండి, మీ స్టూడియోలోనే ఒక మూల మా కథ, మా హాస్యం మేమే చూసుకుంటాం, సినిమాలు ఆడి నిరూపించుకునే దాకా నాకు జీతం కూడా వద్దు అన్నాడట. అప్పటికి టాకీలు వచ్చి పదేళ్లు దాటింది. ఆయన అడిగింది మూకీ సినిమా కాదు, విడిగా ఒక యూనిట్. మేయర్ ఇవ్వలేదు.