ఈ సాసర్ మీద రంగులు వేసింది చైనావాళ్లా, డచ్చివాళ్లా?

నేను నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. పోయిన నెల ఇక్కడి పాతసామాన్ల సంతలో ఒక పింగాణీ సాసర్ కొన్నాను. అంచు దగ్గర కొంచెం పెచ్చు ఊడింది, అందుకే చవగ్గా వచ్చింది. చిక్కంతా దాని మీది బొమ్మలతోనే.

గ్లేజ్ (పింగాణీ మీది గాజులాంటి పూత) అడుగున నీలంతో పూలకొమ్మలు ఉన్నాయి, అది చైనా పనే అనిపిస్తోంది. కానీ వాటి మీదుగా ఎవరో ఎర్రటి పక్షిని వేశారు. దాని తోక ఒక నీలం పువ్వును సగం మింగేసింది! గోటితో తడిమితే నీలం నున్నగా ఉంది, ఎరుపు మాత్రం ఉబ్బెత్తుగా తగులుతోంది. మొదటి చిత్రకారుణ్ణి రెండోవాడు అస్సలు పట్టించుకోలేదు.

18వ శతాబ్దంలో చైనా నుంచి ఓడల్లో వచ్చిన పింగాణీ మీద డచ్ పనివాళ్లు సొంతంగా ఎనామెల్ రంగులు వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చి అమ్మేవారని చదివాను. దాన్ని ఇక్కడ 'ఆమ్‌స్టర్‌డామ్స్ బోంట్' అంటారు. లండన్‌లో జేమ్స్ గైల్స్ కూడా ఇలా చైనా పింగాణీకి రంగులద్దినవాడే. అయితే ఇమారీ అనే జపాన్ పింగాణీ తరహాలో నీలం మీద ఎరుపు, బంగారం వేయడం చైనాలోనూ ఉంది కదా, నా అనుమానం అక్కడే.

సాసర్ అడుగున సన్నటి నల్లచుక్కలు కూడా ఉన్నాయి. రెండోసారి కాల్చడం వల్ల వచ్చినవా, లేక ఉత్త మురికా? ఎలా తేల్చుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఇంకోటి, అంచున బంగారు గీత ఇప్పటికే అరిగిపోయింది. సబ్బునీళ్లతో కడిగితే ఉన్నది కూడా పోతుందా?