నాన్న ఫోను, ఇంట్లో ల్యాప్‌టాప్, ఇక్కడ నా ఫోను: మూడింట్లో ఒకే నంబర్లు, ఒకే ముహూర్తాలు ఉండాలంటే ఎలా?

తెనాలి అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్నగారు తెనాలిలో పౌరోహిత్యం చేస్తారు, నేను డల్లాస్‌లో ఉంటాను. ఆయన దగ్గర పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, సంక్రాంతికి నేను కొనిచ్చిన కొత్తది ఒకటి ఉన్నాయి. ఇంట్లో చెల్లి వాడే విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, పూజా సామగ్రి పట్టీలన్నీ అందులోనే టైప్ చేస్తుంది. నాన్న నంబర్లు సేవ్ చేసే తీరు ఎలా ఉంటుందంటే "గృహప్రవేశం రాజు గారు చెంచుపేట", "కారు పూజ వర్మ", అన్నీ తెలుగులోనే. కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్ మెమరీలో, కొన్ని జీమెయిల్‌లో ఉన్నాయి.

ఇప్పుడు మూడు గొడవలు. ఒకటి, వారం క్రితం చెల్లి ల్యాప్‌టాప్‌లో కాంటాక్ట్స్ తెరిచి, ఒకే పేరు రెండు మూడు సార్లు కనిపిస్తోందని శుభ్రం చేసింది, ల్యాప్‌టాప్ వరకే కదా అనుకుంది, తీరా చూస్తే నాన్న ఫోన్లోనూ 60 దాకా పోయాయి. రెండు, పాత ఫోన్ నుంచి నంబర్లను ఫైల్‌గా తీసి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పేర్ల చోట సమానం గుర్తులు, సున్నాలు తప్ప ఏమీ లేదు. మూడోది తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. వైశాఖంలో ఒక పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున 4.32కి, నేను ఇక్కణ్ణుంచి క్యాలెండర్‌లో ఎక్కించాను, నాన్న ఫోన్లో అది మధ్యాహ్నం 3.02 అని చూపించింది. ఆయనకి నోటికి వచ్చు కాబట్టి బతికిపోయాం. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

గోదారి గట్టు:
ముందు పోయిన నంబర్ల సంగతి చూడు బ్రదర్, మిగతావి తర్వాత. జీమెయిల్ కాంటాక్ట్స్‌లో తుడిచేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. వారమే అయింది కాబట్టి టెన్షన్ పడకు. ల్యాప్‌టాప్‌లో ఎడమ పక్కన ట్రాష్ నొక్కి, కావలసినవి వెనక్కి తెచ్చుకో. "అన్‌డూ ఛేంజెస్" అని ఇంకోటి కనిపిస్తుంది, అది మొత్తం లిస్టుని పాత తేదీకి తీసుకెళ్తుంది, ఆ తర్వాత మీ నాన్నగారు కొత్తగా ఎక్కించినవి కూడా పోతాయి. దాని జోలికి వెళ్ళాల్సి వస్తే ముందు ఇప్పుడున్న లిస్టుని ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టు.

చెల్లెమ్మది తప్పేం లేదు. సింక్ అంటే కాపీ తీసి దాచడం అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని ఒకసారి ఫోటోలు పోగొట్టుకున్నా. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, దాని పనే అది. అందుకని నెలకోసారి ఆ లిస్టుని ఫైల్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో వేయమను.

ఇంకొకటి. కొత్త ఫోన్లో కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, కొత్త నంబరు ఎక్కడ సేవ్ అవ్వాలి అన్నచోట జీమెయిల్ పెట్టు. అది సరిచేయకపోతే నువ్వు ఎన్నిసార్లు సర్దినా మళ్ళీ మూడు చోట్లకీ చెదురుతాయి. సిమ్‌లో అసలే వద్దు, పేరుకి అక్కడ ఉండే చోటే కాస్త, తెలుగులో రాస్తే ఇంకా తక్కువ అక్షరాలు పడతాయి, "గృహప్రవేశం" దగ్గరే తెగిపోయి రాజు గారు కనబడరు.

అక్షరం ముక్క:
ఆ సమానం గుర్తుల ఫైలు పాడవలేదండీ, కంగారు పడి తీసేయకండి. పాత ఫోన్లు నంబర్లని వీకార్డ్ 2.1 అనే పాత ఫైలు పద్ధతిలో రాస్తాయి. కంప్యూటర్ అక్షరాలని దాచే యూటీఎఫ్-8 లెక్కలో తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు, వీకార్డ్ పద్ధతిలో ఒక్కో బైటు ముందూ ఒక సమానం గుర్తు పడుతుంది. "ర" అనే ఒక్క అక్షరం "సమానం ఈ0 సమానం బీ0 సమానం బీ0" అవుతుంది. "రా" అని రాస్తే దీర్ఘానికి విడిగా ఇంకో మూడు బైట్లు, అంటే మొత్తం 18 గుర్తులు. రాజు గారి పేరుకి ఎంత పొడుగు తోక వస్తుందో లెక్కేసుకోండి!

దాన్ని ఎక్సెల్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో తెరిచి సేవ్ చేయొద్దు, ఒక్క లైను విరిగినా పేరు చెడుతుంది. ఆ ఫైలుని అలాగే కొత్త ఫోన్‌కి పంపి, కాంటాక్ట్స్ యాప్‌లో ఇంపోర్ట్ చేయండి. ఏ అకౌంట్‌లోకి అని అడిగినప్పుడు జీమెయిల్ ఎంచుకోండి, తెలుగు తెలుగులాగే వస్తుంది.

పాత పామ్ పైలట్:
ముహూర్తం గొడవకి నేను చెప్తా, మా అమ్మాయి అమెరికాలోనే ఉంటుంది కాబట్టి ఇది మా ఇంట్లోనూ జరిగింది. నువ్వు 4.32 అని కొట్టినప్పుడు నీ ఫోను దాన్ని డల్లాస్ 4.32 అనుకుంది. ఎండాకాలంలో మనకీ మీకూ తేడా పదిన్నర గంటలు, అందుకే 3.02 అయింది. నవంబర్‌లో గడియారాలు మార్చాక పదకొండున్నర, అప్పుడైతే 4.02 చూపిస్తుంది. కాబట్టి లెక్కేసి కొట్టడం పెట్టుకోకు, ఎక్కడో ఒకచోట తప్పుతావు. ఈవెంట్ ఎక్కించేటప్పుడు టైమ్ జోన్ అని ఉంటుంది, అక్కడ కోల్‌కతా ఎంచు. ముహూర్తాలకి వేరే క్యాలెండర్ ఒకటి చేసి నాన్నగారికీ, చెల్లికీ మార్చే హక్కుతో షేర్ చెయ్. నా మాట వింటే, టైటిల్‌లో కూడా "తె.జా. 4.32" అని తెలుగులో రాసెయ్. ఆ అక్షరాలని ఏ గడియారమూ మార్చలేదు.

ఈ తలనొప్పి కొత్తదేం కాదు బాబూ. 1996లో పామ్ వాళ్ళ పైలట్ అని నంబర్లు రాసుకునే జేబు యంత్రం వచ్చినప్పుడు, కంప్యూటర్‌తో కలపడానికి దాన్ని స్టాండులో పెట్టి హాట్‌సింక్ బటన్ నొక్కేవాళ్ళం. ఒకే నంబరుని అటూ ఇటూ రెండుచోట్లా మార్చి ఉంటే అది రెండూ ఉంచేసేది, ఏది సరైనదో నువ్వే తేల్చుకో అని. చిరాకే కానీ నిజాయితీ గల చిరాకు.

గోదారి గట్టు:
సామగ్రి పట్టీలకి గూగుల్ డ్రైవ్ చాలు, ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిల్, ఫోటోలు కూడా కలిసే ఉంటాయని మాత్రం గుర్తుంచుకో. ఎవరి సర్వర్‌లోనూ పెట్టడం ఇష్టం లేకపోతే సింక్‌థింగ్ చూడు, ఫోనూ ల్యాప్‌టాపూ నేరుగా మాట్లాడుకుంటాయి, కాకపోతే రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. దాని అసలు ఆండ్రాయిడ్ యాప్‌ని 2024 డిసెంబర్‌లో ఆపేశారు, దాన్నుంచి వేరుగా తయారైన ఫోర్క్ వాడుతున్నారు. పెట్టుకుంటే పాత ప్రతులు దాచే వెర్షనింగ్ ఆన్ చెయ్, లేకపోతే మళ్ళీ చెల్లి శుభ్రం చేసిన కథే.

తెనాలి అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. ట్రాష్ నుంచి 57 వచ్చాయి, పాత ఫోన్ ఫైలు కూడా తెలుగులో చక్కగా ఎక్కింది. క్యాలెండర్ వేరే చేశాను, "తె.జా." ఐడియా నాన్నకి బాగా నచ్చింది.

ఒక్కటే మిగిలింది. చెల్లి ముగ్గురు సుబ్బారావు గార్లని కలిపి ఒక్కటి చేసేసింది, ఒక పేరు కింద నాలుగు నంబర్లు ఉన్నాయి. అన్‌డూ నొక్కడానికి నాన్న ఒప్పుకోవట్లేదు, ఒక్కో నంబరుకీ తనే ఫోన్ చేసి "మీరు ఏ సుబ్బారావు గారండీ" అని కనుక్కుంటున్నారు. నిన్న రెండో నంబరాయన "మీరే గుర్తొచ్చి చేశారు, వచ్చే ఆదివారం వ్రతం చేయించాలండీ" అన్నారట. మిగతా రెండూ రేపు.