అప్‌డేట్: అన్నదానం డ్రమ్ము కంపు తగ్గింది

మొదట అడిగింది ఇదీ: విజయవాడ సత్యనారాయణపురంలో మా బృందం ప్రతి శనివారం 150 మందికి అన్నదానం చేస్తుంది. మిగిలిన అన్నం, విస్తళ్లు వేసే 200 లీటర్ల కంపోస్ట్ డ్రమ్ము కంపు కొడుతోంది, ఏం చేయాలని.

చిల్లులు చాలలేదనుకున్నాం గానీ, తప్పు అన్నంలోనే ఉంది. వండిన అన్నం ముద్దకట్టి గాలి ఆడనివ్వదు, సాంబారు నీళ్లు అడుక్కి దిగి కుళ్లుతాయి. ఇప్పుడు మిగిలినదాన్ని చిల్లుల బుట్టలో అరగంట వారుస్తున్నాం. తర్వాత బకెట్ అన్నానికి రెండు బకెట్ల ఎండాకులు, కొబ్బరి పొట్టు. అడుగున జానెడు పీచు. నాలుగు రోజులకోసారి తిరగేయాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కడితే ఇంకొంచెం పొట్టు కలపాలి. ఊరగాయలు, నూనె వేపుళ్లు మాత్రం వేయొద్దు.

విస్తళ్ల దగ్గర ఇంకో మోసం. అడ్డాకువే అని అమ్మేవాటిలో కొన్నింటి వెనక పల్చటి పొర ఉంటోంది. అంచు చించి చూడండి, సాగితే ప్లాస్టిక్కే. చాలా పేపర్ ప్లేట్లదీ ఇదే రోగం.

అందుకే స్టీలు కంచాలు కొన్నాం. మూడు టబ్బులు: నానబెట్టడానికి, సబ్బుకి, జాడించడానికి. మెతుకులు దులపకుండా ముంచితే మొదటి టబ్బు నీళ్లు ఇట్టే గంజవుతాయి. కడగడానికి మనుషులే ఇంకా కుదరలేదు.