అంపైర్‌ను అడిగితే జరిమానా, అంపైర్ తప్పుకు జవాబు ఎవరిది?

రెండోస్లిప్:
2024 ఏప్రిల్ 21, ఈడెన్ గార్డెన్స్. హర్షిత్ రాణా ఫుల్‌టాస్‌కు కోహ్లీ అవుటయ్యాడు. అది నడుముకన్నా ఎత్తుగా వచ్చింది కాబట్టి నోబాలని అంపైర్లతో వాదించినందుకు మ్యాచ్ ఫీజులో సగం కోత పడింది. అంతకుముందు 2023 జులైలో బంగ్లాదేశ్‌లోని మీర్పూర్ వన్డేలో హర్మన్‌ప్రీత్ వికెట్లను బ్యాట్‌తో కొట్టింది, బహుమతుల వేళ అంపైరింగ్‌ను విమర్శించింది. మొత్తం 75 శాతం కోత, రెండు మ్యాచ్‌ల నిషేధం. వికెట్లను కొట్టడం తప్పే, దాన్ని వెనకేసుకురావడం లేదు.

నా బాధ వేరు. ఆటగాడికి పడ్డ శిక్ష మర్నాడే పేపర్లో వస్తుంది. అంపైర్ తీర్పు తప్పయితే ఆయనకేమైందో మనకు తెలియదు. పైగా కొందరు కెప్టెన్ మర్యాదగా అడిగినా మొహం తిప్పుకుంటారు, చేత్తో పొమ్మంటారు. అంపైర్ అధికారం ఎక్కడిదాకా? లీగ్ మ్యాచ్‌లు ఆడే కుర్రాళ్లు ఇలాంటప్పుడు ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

స్కోర్‌బుక్:
ముందు కోహ్లీ సంగతి. నడుము ఎత్తును బంతి బ్యాట్‌ను తాకిన చోట చూడరు. బ్యాటర్ క్రీజు గీత దగ్గర నిటారుగా నిలబడితే బంతి అక్కడ ఎంత ఎత్తులో ఉంటుందో చూస్తారు. కోహ్లీ క్రీజు బయట ఉన్నాడు, బంతి కిందికి దిగుతోంది. బంతి దారిని కెమెరాలతో లెక్కగట్టే హాక్‌ఐ ప్రకారం గీత దగ్గర బంతి ఎత్తు 0.92 మీటర్లు, ముందే కొలిచి పెట్టిన ఆయన నడుము ఎత్తు 1.04 మీటర్లు. తీర్పు సరైనదే.

ఇక శిక్షల సంగతి. ఐసీసీ నియమావళిలో 2.8 అనే నిబంధన ఉంది, అంపైర్ తీర్పుపై అసమ్మతి చూపడం గురించి. తల అడ్డంగా ఊపడం, ఎల్బీ ఇచ్చాక బ్యాట్ అంచు చూపించడం, క్యాచ్ ఇచ్చాక భుజం రుద్దుకోవడం, క్రీజు వదలకుండా ఆలస్యం చేయడం, అంపైర్‌తో వాదన సాగదీయడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. అంపైర్ తీర్పు నిజంగానే తప్పయినా అది ఆటగాడి తరఫున సాకు కాదని కూడా అక్కడే రాసి ఉంది. ఇది చాలామందికి తెలియదు. రీప్లే చూపించి "నేనే కరెక్ట్" అన్నా కోత ఆగదు.

అన్నిటికన్నా చిన్న తప్పు, అంటే లెవెల్ 1 అయితే మందలింపు నుంచి 50 శాతం కోత దాకా, ఒకటి లేదా రెండు డీమెరిట్ పాయింట్లు. 24 నెలల్లో నాలుగు చేరితే నిషేధమే. హర్మన్‌ప్రీత్‌కు ఒక్క మ్యాచ్‌లోనే లెవెల్ 2 తప్పుకు మూడు, లెవెల్ 1కి ఒకటి కలిసి నాలుగయ్యాయి. ఫిర్యాదు చేసేది ఎక్కువగా ఆ మ్యాచ్ అంపైర్లే, తేల్చేది మ్యాచ్ రిఫరీ. లెవెల్ 1 తీర్పు మీద అప్పీలు లేదు. నాకు నచ్చనిది ఇదే. ఫిర్యాదు చేసినవాళ్లూ తీర్పు చెప్పేవాళ్లూ ఒకే జట్టుగా పనిచేసేవాళ్లు, ఆ పైన వినే నాథుడు లేడు.

లెగ్‌అంపైర్:
అటువైపు నుంచి కూడా చూడాలి. బౌలర్ వైపు నిలబడే మెయిన్ అంపైర్‌కు తీర్పు చెప్పడానికి రెండు మూడు సెకన్లు ఉంటాయి. అడిగిన ప్రతిసారీ వివరణ ఇస్తూ పోతే ఓవర్లు పూర్తికావు. అయితే ఎంసీసీ అనే లండన్ క్లబ్బు రాసే క్రికెట్ నియమాలు అంపైర్‌కు అహం చూపించే హక్కేమీ ఇవ్వలేదు. రెండో నియమం ప్రకారం వెంటనే అయితే తన తీర్పును తానే మార్చుకోవచ్చు. 31వ నియమం ప్రకారం, బ్యాటర్ వైపు పక్కన నిలబడే రెండో అంపైర్‌కు, అంటే లెగ్ అంపైర్‌కు బాగా కనిపించి ఉండొచ్చని అనుమానం వస్తే అడిగి తీరాలి. అడిగాకా అనుమానం మిగిలితే నాటౌట్. "నేనిచ్చాక ఇచ్చినట్టే" అని మొండికేసే అంపైర్ ఈ రెండింటినీ పక్కనపెడుతున్నట్టే.

అసలు గొడవ మొదలయ్యేది ఇద్దరు అంపైర్లూ మైదానంలోనే చెరో మాట చెప్పినప్పుడు. 2019లో జైపూర్‌ ఐపీఎల్ మ్యాచ్‌లో అదే జరిగింది. మెయిన్ అంపైర్ నోబాల్ అని చెయ్యి చాపాడు, లెగ్ అంపైర్ కాదన్నాడు. ధోనీ మైదానంలోకి నడిచొచ్చి 50 శాతం పోగొట్టుకున్నాడు. 2022లో వాంఖడేలో నోబాల్ ఇవ్వలేదని పంత్ తన బ్యాటర్లను వెనక్కి రమ్మన్నందుకు 100 శాతం, లోపలికి వెళ్లిన సహాయ కోచ్ ప్రవీణ్ ఆమ్రేకు 100 శాతంతో పాటు ఒక మ్యాచ్ నిషేధం. మరుసటి ఏడాదే ఐపీఎల్‌లో వైడ్లు, నోబాళ్ల మీద రివ్యూ పెట్టారు. నడుము ఎత్తు కొలతలు 2024లో వచ్చాయి. కొలవగలిగినదంతా మనిషి చేతిలోంచి తీసేస్తే అహానికి చోటు తగ్గుతుంది.

స్కోర్‌బుక్:
ఒప్పుకుంటా. ఆడే రెండు దేశాలకూ చెందని తటస్థ అంపైర్లు వచ్చిందీ ఇందుకే. 1986లో లాహోర్‌లో పాకిస్థాన్-వెస్టిండీస్ టెస్టుకు మన హైదరాబాద్ వి.కె. రామస్వామిని, పిలూ రిపోర్టర్‌ను పిలిపించారు. తర్వాతి ఏడాదే ఫైసలాబాద్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ గాటింగ్, పాకిస్థాన్ అంపైర్ షకూర్ రాణా వేళ్లు చూపించుకుని తిట్టుకున్నారు, ఒక రోజు ఆట పోయింది. గాటింగ్ క్షమాపణ చీటీ రాయాల్సొచ్చింది.

జవాబుదారీ సంగతికొస్తే, 2008 సిడ్నీ టెస్టులో భారత్‌కు వ్యతిరేకంగా తప్పు తీర్పులు పడ్డాక అంపైర్ బక్నర్‌ను తర్వాతి పెర్త్ టెస్టు నుంచి తప్పించారు. అడిగింది బీసీసీఐ కాబట్టి కుదిరింది. చిన్న బోర్డు అడిగితే ఆ పని జరిగేదా? అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 నుంచి హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీల నిర్ణయాల్లో ఏవి తప్పో మర్నాడు తనే ప్రచురిస్తోంది. క్రికెట్‌లోనూ అది రావాలి.

పదోనంబర్:
కుర్రాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఎంసీసీ నియమాలతో ఆడే లీగుల్లో 42వ నియమం గుర్తుంచుకోవాలి. అసమ్మతి చూపితే మొదట హెచ్చరిక, అది జట్టు మొత్తానికి, ఆ మ్యాచ్ అయిపోయేదాకా. తర్వాత అదే జట్టులో ఇంకెవరు లెవెల్ 1 తప్పు చేసినా అవతలి జట్టుకు 5 పరుగులు.

అందుకే కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి, అదీ ఓవర్ అయ్యాక. "అదెలా అవుట్?" అని అడగొద్దు. "సర్, అంచు తగిలిందనా, ప్యాడ్ అనా?" అంటే చాలా సార్లు జవాబొస్తుంది. క్యాచ్ నేలకు తగిలిందనుకుంటే మాత్రం ఓవర్ దాకా ఆగకుండా వెంటనే, గొంతు పెంచకుండా, "లెగ్ అంపైర్ గారిని ఒకసారి అడుగుతారా సర్?" అనండి.

మ్యాచ్ తర్వాత కెప్టెన్ రిపోర్టు ఉంటే అదే రోజు రాయండి. ఓవర్, బంతి, ఏ ఎండ్, అంపైర్ ఏం చేశారు, ఏం చేయలేదు, అంతే. "పక్షపాతం" అన్న మాట రాశారంటే చదివేవాళ్లు మిగతాదంతా కోపం కింద కొట్టేస్తారు. "23.4, బౌలర్ అడ్డొచ్చి కనపడలేదని ఆయనే అన్నారు, అయినా లెగ్ అంపైర్‌ను అడగలేదు" అన్న ఒక్క వాక్యం బరువైనది.

రెండోస్లిప్:
చాలా ఉపయోగం. అవమానకరంగా మాట్లాడితే జట్టును బయటికి తీసుకెళ్లొచ్చా?

పదోనంబర్:
వద్దండీ. ఆ మాటలు రిపోర్టులో ఉన్నవున్నట్టు రాయండి, విన్న ఆటగాళ్ల పేర్లతో. 16వ నియమం ప్రకారం ఆడనన్న జట్టు మ్యాచ్ కోల్పోతుంది. 2006లో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టులో పాకిస్థాన్ బంతిని పాడుచేసిందని అంపైర్లు హెయిర్, డాక్ట్రోవ్ 5 పరుగులు విధించారు. టీ తర్వాత పాకిస్థాన్ నిరసనగా రాలేదు, ఆట ముగిసిందని అంపైర్లు బెయిల్స్ తీసేశారు. బంతి పాడుచేసిన ఆరోపణ విచారణలో వీగిపోయింది. మ్యాచ్ మాత్రం ఇంగ్లండ్‌దే. 2008లో డ్రాగా మార్చినా 2009లో మళ్లీ ఇంగ్లండ్ గెలుపుగానే రాశారు.