స్ట్రట్ బార్ వేశాక కింద బ్రేస్ కూడా వేస్తే తేడా తెలుస్తుందా?

మాది అమలాపురం. కారు 1.2 టర్బో హ్యాచ్‌బ్యాక్, 62,000 కిలోమీటర్లు తిరిగింది. సస్పెన్షన్ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక టార్షన్ బీమ్. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా వచ్చేటప్పుడు కాలవగట్టు మలుపుల్లో 60 దాటితే, స్టీరింగ్ తిప్పాక కారు ముందుభాగం కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. మలుపు మధ్యలో గతుకు పడితే స్టీరింగ్ చేతిలోంచి లాగినట్టు పక్కకు పోతుంది. తిన్నని రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు.

ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించాను. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. టైర్లలో గాలి 30 నుంచి 35 పీఎస్‌ఐ దాకా మార్చి చూశాను, 33 దగ్గర కొంచెం నయం. పోయిన నెల కారు ముందువైపు స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు స్ట్రట్ల పై చివర్లను కలిపే కడ్డీ) వేయించాను. మొదటి వారం చాలా బాగుందనిపించింది. తర్వాత అనుమానమొచ్చి, తమ్ముడి చేత నాకు చెప్పకుండా బార్ ఒకసారి బిగించి, ఒకసారి విప్పించి అదే దారిలో నడిపాను. ఆరుసార్లలో మూడుసార్లే సరిగ్గా చెప్పగలిగాను. అంటే నాకు తేడా తెలియనట్టే కదా.

ఇప్పుడు మెకానిక్ సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్‌ను పట్టి ఉంచే చట్రం) కింద బ్రేస్ (ఆ చట్రం వంగకుండా బిగించే కడ్డీ) కూడా వేస్తేనే పూర్తి ఫలితం అంటున్నాడు, 9,000 రూపాయలవుతుంది. మా ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు అది తగులుతుందేమోనని టెన్షన్. టైర్లు నాలుగేళ్లవి, అరుగుదల సమానంగానే ఉంది.

ఇలాంటి కారుకు కింద బ్రేస్ వేయించినవాళ్లు చెప్పండి: మలుపుల్లో తేడా నిజంగా తెలిసిందా, లేక ఆ డబ్బు కొత్త టైర్లకు పెట్టడమే మంచిదా?